ముక్కు మూసుకుపోతే మాట ఏమవుతుంది?



పటాన్‌చెరు ప్రాంతంలో మేము చెప్పిన ఒక తెలుగు మీడియం తరగతిలో ఓ బాబు ‘అమ్మ’ అని చదివితే ‘అబ్బ’ అని వినిపించేది. పిల్లలు నవ్వేవారు. ఇంట్లో ఉర్దూ కదా, తెలుగుకు నోరు తిరగడం లేదని మేమూ అనుకున్నాం. చివరికి ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్ సాహెబ్ చెప్పారు: “మాస్టారూ, వీడికి మీమ్, నూన్‌ల మీద గున్నా పలకడం లేదు.” రెండు భాషల్లోనూ అవే అక్షరాలు తప్పుతున్నాయంటే లోపం భాషలో లేదు, ముక్కులో ఉంది. ఇది మాకు తట్టడానికి ఏడాది పట్టింది.

స్వరం పుట్టేది గొంతులోని స్వరతంత్రుల్లో. దానికి రూపమిచ్చేవి నోరు, ముక్కు. మ, న, ణ పలికేటప్పుడు గాలి ముక్కులోంచి పోవాలి. ముక్కు గట్టిగా పట్టుకుని ‘మామ’ అనండి, ‘బాబ’లా వినిపిస్తుంది. ‘తాత’ అనండి, మారదు.

ముక్కును రెండుగా చీల్చే అడ్డుగోడ ముందు మృదులాస్థి, వెనుక ఎముక. అది కాస్త వంకరగా ఉండటం చాలామందిలో మామూలే, దానికి వైద్యం అక్కర్లేదు. వంకర ఎక్కువై, దుమ్ము, పొగలకు లోపలి పొర కూడా వాస్తే దారి మూసుకుపోతుంది. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చిన సంగతి మనకు తెలిసిందే. నోటితో ఊపిరి తీస్తే గొంతు ఎండి, స్వరం త్వరగా అలసిపోతుంది.

మా బాబుకు బంతి దెబ్బతో గోడ ఒరిగిందని డాక్టరు చెప్పారు. వాపు తగ్గే మందుతో మాట చాలావరకు తేటపడింది. ఎదుగుదల పూర్తయ్యాక అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. అది ముక్కు లోపలి నుంచే చేస్తారు.

గుర్తుంచుకోవలసినవి మూడు. చిన్నపిల్లల్లో ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ వాపు కూడా ఇలాగే మాటను మారుస్తుంది. అంగిలి చీలిక ఉన్నవారిలో గాలి ముక్కులోకి ఎక్కువగా పోతుంది, దాని చికిత్స వేరు. దెబ్బ తగిలాక రెండు రంధ్రాలూ మూసుకుపోతే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కోఠిలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. కానీ దినకూలీ తండ్రికి అక్కడికి వెళ్లడమంటే ఒక రోజు కూలి పోవడమే. దాతలారా, ఆ కూలి, ఆ బస్సు చార్జీ మీరు భరిస్తే, ఒక బిడ్డ తన తల్లిని ‘అమ్మీ’ అని తేటగా పిలుస్తాడు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.