డిస్కుల భాండారమునకు నిర్వాహక సర్వరుతో సంధానము

బెంగళూరు వఠారములు మన పాఠకులకు క్రొత్తవి కావు. ఒక్క ఆవరణములో ఆరేడు వాటాలుండును. ప్రతి సంసారమును తన యిల్లు తనదే యనుకొనును. నీళ్లతొట్టి మాత్రము అందరికి ఒక్కటే. నేటి కంప్యూటరు కేంద్రముల యేర్పాటు ఇట్టిదే. ఒక పెద్ద సర్వరును హైపర్‌వైజరు అను సాఫ్ట్‌వేరు వాటాలుగా పంచును. ఒక్కొక్క వాటాను వర్చువల్ యంత్రమందురు. ఇట్టి సర్వరులన్నింటిపై పెత్తనము చేయునది నిర్వాహక సర్వరు. 1998లో స్థాపితమై, 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వారి పరమైన వి.ఎం.వేర్ సంస్థ దానికి వి-సెంటర్ అని పేరిడినది. నీళ్లతొట్టి వంటిది స్టోరేజ్ అర్రే, అనగా డిస్కుల భాండారము. తండ్రిగారి ఉద్యోగమేమని అడిగినచో ‘కంప్యూటరు పని’ అని మాత్రము చెప్పి ఊరకుండు పిల్లలకై ఈ పాఠము వ్రాయుచున్నాము.

మొదట భాండారమును చూతము. డిస్కు ఏనాటికైనను చెడిపోవు వస్తువు. అందుచే 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ‘రెయిడ్’ అను పద్ధతులను వివరించిరి. అందొకదాని కిటుకు కూడికలు వచ్చిన బాలునికైనను తెలియును. మూడు డిస్కులలో 7, 4, 9 అను అంకెలున్నవనుకొనుడు. నాలుగవదానిలో మొత్తము 20 వ్రాసి యుంచుదుము. రెండవది చెడినచో, 20 నుండి 7ను, 9ని తీసివేయగా పోయిన 4 మరల దొరకును. యంత్రము కూడికకు బదులు సున్నలు, ఒకట్లతో సరి బేసి లెక్క చూచుకొనును, తర్కము ఇదియే. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగున్నచో, మనకు మిగులు చోటు పండ్రెండు టెరాబైట్లే. తక్కిన నాలుగు భద్రతకై చెల్లించు వెల. ఆ వెల అధికమని మేము తలపము.

ఈ చోటును భాగములుగా కోయుదురు. ఒక్కొక్క భాగమునకు ‘లన్’ అని పేరు. సర్వరునుండి భాండారమునకు ఫైబర్ చానెల్ దారిని గాని, సాధారణ నెట్‌వర్కుపై నడచు ఐస్కసీ దారిని గాని వేయుదురు. ఏ దారియైనను రెండుగా నుండవలెను: రెండు తీగలు, రెండు స్విచ్చులు, భాండారమున రెండు కంట్రోలర్లు. రెండు తీగలను ఒకే స్విచ్చునకు తగిలించి, దారులు రెండున్నవని తృప్తిపడుట తగదు. ఆ స్విచ్చు ఆగిన క్షణమున రెండును మూసికొనును.

ప్రతి సర్వరునకును ఈ దారిపై ఒక ప్రత్యేక నామముండును. ఏ నామము గల సర్వరులు ఏ లన్‌ను చూడవచ్చునో భాండారమున ముందుగా వ్రాయవలెను. పనియంతటిలో మిక్కిలి జాగ్రత్త వలసిన చోటిదియే. సంబంధము లేని సర్వరునకు ఆ లన్ కనిపించి, ఎవరో దానిని ఖాళీ డిస్కని భ్రమించి ఫార్మాటు చేసిరేని, లోపలి యంత్రములన్నియు ఒక్కసారిగా నశించును. పిదప నిర్వాహక సర్వరునుండి ‘రీస్కాన్’ చేయింపగా క్రొత్త లన్ బయటపడును. దానిని డేటాస్టోరుగా సిద్ధపరతురు. సర్వరులన్నియు ఒకే డేటాస్టోరును చూచుచున్నప్పుడు, నడచుచున్న వర్చువల్ యంత్రమును ఆపకయే ఒక సర్వరునుండి మరియొకదానికి మార్చవచ్చును.

ఇక భాండారమునకును నిర్వాహకునికిని నేరుగా మాటలు నడపు ఏర్పాటొకటి కలదు. దానిని వాసా అందురు. భాండారము తరపున మాటలాడు సాఫ్ట్‌వేరు చిరునామా, వాడుకరి పేరు, రహస్యపదము వి-సెంటర్‌లో నమోదు చేయుదురు. ఒకరినొకరు గుర్తించుటకు సర్టిఫికెట్లు చూచుకొందురు. రెండు గడియారములలో తేడా హెచ్చైనచో చెల్లవలసిన సర్టిఫికెట్టు చెల్లకపోవును. ఈ మాటలాడు సాఫ్ట్‌వేరును అది కాపాడు భాండారములోనే ఉంచుట, పెట్టె తాళపుచెవిని పెట్టెలో వేసి మూయుట వంటిది.

ఒక సందేహము తీర్పవలసి యున్నది. నిర్వాహక సర్వరు ఆగినచో అన్నియు ఆగునా? ఆగవు. సమాచారము సర్వరునుండి భాండారమునకు నేరుగా పోవును. నిర్వాహకుడు ఆజ్ఞలిచ్చువాడే గాని నీళ్లు మోయువాడు కాడు.

అయితే రెయిడ్ ఉన్నదని ప్రతి తీయక మానరాదు. పొరపాటున తుడిచివేసినదానిని భాండారము అన్ని డిస్కులనుండియు నమ్మకముగా తుడిచివేయును. చిత్తూరు సీమలోని కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమునొందిన రాజ్ రెడ్డిగారు లక్షలకొలది పుస్తకములను స్కాను చేయించు ఉద్యమమునకు ముఖ్యులు. మన నగరమందలి భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రముగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. అందు వేలకొలది తెలుగు పుస్తకములును చేరినవి. కొన్నేండ్లకు ఆ జాలస్థలము మూతపడినది. అప్పటికే పుస్తకముల ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరియుండుటచే, అంగళ్లలో దొరకని పాత తెలుగు గ్రంథములను మన పిల్లలు నేటికిని ఇంట కూర్చుండి చదువగలుగుచున్నారు.

పెద్ద తరగతుల బాలురు, బాలికలు పాత కంప్యూటర్లు రెండింటితో దీనిని పరీక్షింపవచ్చును. ఒకదానిలో ఉచితముగా దొరకు ట్రూనాస్‌ను, రెండవదానిలో ప్రాక్స్‌మాక్స్‌ను నెలకొల్పి, ఐస్కసీతో కలుపుడు. నెట్‌వర్కు తీగలు రెండు వేసి, రెండు దారులను వాడుటకు తగిన అమరికయు చేయుడు. ఒక వర్చువల్ యంత్రమును నడుపుచు ఒక తీగను పీకి చూడుడు. కొన్ని క్షణములు తడబడి అది మరల సాగినచో మీ సంధానము సరియైనది. పిదప రెండవ తీగను పీకక ముందు, అందలి పాఠములకు వేరొక ప్రతి తీసి దాచుకొనుడు.