ముందు కరెంటు, తర్వాత కార్డు

పాల్వంచ

చిరంజీవి అల్లుడికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. మొత్తం 45,000లో సగానికి దగ్గరగా గ్రాఫిక్స్ కార్డుకే రాసేశావు. అద్దాలు, రంగు లైట్లు ఉన్న క్యాబినెట్ ఒకటి. మిషన్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి ‘క్యాబినెట్‌తో పాటే వస్తుంది’ అని రాశావు. యూపీఎస్ ఊసే లేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ అందుకుని చదువు సంగతి ఎత్తుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

ఆ లిస్టు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని వీడియో తీసినవాడికి సరిపోతుంది. మీ ఇల్లు దుమ్ముగూడెం దాటాక చర్ల రోడ్డులో, లైను చివర ఉంది. మిరప చేలల్లో మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే మీ ఇంట్లో ఫ్యాను ఎలా మూలుగుతుందో నేను చూశాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు రాత్రి ప్లగ్గులో మీటరు పెడితే 170 వోల్టుల దగ్గర ఊగుతోంది. మోటార్లు ఆగగానే ఒక్క గెంతున 240 దాటింది. నువ్వు కొనే మిషన్ బతకాల్సింది ఆ కరెంటు మీద. కాబట్టి లెక్క ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి కార్డు దగ్గర ముగించు. నువ్వు దాన్ని తలకిందులుగా వేశావు.

ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్ చదవడం నేర్చుకో. రెండు చోట్ల చూస్తే చాలు. మొదటిది ఇన్‌పుట్. 200–240 అని ఉంటే మీ ఊరికి పనికిరాదు. 100–240 అని ఉన్నదే తీసుకో, వోల్టేజీ 170కి పడ్డా అది తొణకదు. రెండోది 12 వోల్టుల గడి. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది అక్కడి నుంచే. ఆ గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశాడో చూసి పన్నెండుతో గుణించు. 35 ఉంటే 420 వాట్లు, నమ్మొచ్చు. క్యాబినెట్‌తో వచ్చే డబ్బా మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టులకు 14 ఆంపియర్లే ఉంటాయి. అంటే 168 వాట్లు. మిగతావి ఎక్కడున్నాయని అడిగితే కొట్టువాడు నవ్వి ఊరుకుంటాడు.

పోయిన వానాకాలం మణుగూరు నుంచి ఒక కుర్రాడు బండి వెనక క్యాబినెట్ కట్టుకుని నా రిపేరు షాపుకొచ్చాడు. ఆట మధ్యలో కరెంటు పోయి వచ్చిందట, ఆ తర్వాత మిషన్ లేవలేదు. ఎస్ఎంపీఎస్ విప్పి చూపించాను. కరెంటు లోపలికి వచ్చే చోట రాగి తీగ చుట్టలు, కెపాసిటర్లు ఉండాలి. వాటి బొమ్మలు, నంబర్లు బోర్డు మీద అచ్చు వేసి ఉన్నాయి గానీ వస్తువులు లేవు. చుట్టలు ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్కలు అడ్డంగా వేసి అతికించారు. కాలిన వాసన గుప్పుమంది. అది పోతూ పోతూ మదర్‌బోర్డును, వాడు కొత్తగా కొన్న కార్డును కూడా తీసుకుపోయింది. అందులో ఏ ఒక్కటీ బాగయ్యే స్థితిలో లేదు.

అలాగని 750 వాట్లది కూడా కొనకు. రైజెన్ 5 5600జి ప్రాసెసర్ 65 వాట్లది, నువ్వు రాసిన ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లది. ఫ్యాన్లు, బోర్డు, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపినా 300 దాటదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, 550 వాట్లది చాలు. మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఉండాలి. కొనేముందు లేబుల్ ఫోటో నాకు పంపు.

ఇక ఎర్తింగ్. మీ ఇంట్లో మూడు పిన్నుల సాకెట్లు ఉన్నాయి సరే, ఆ మూడో రంధ్రం వెనక తీగ ఉందా అన్నది వేరే సంగతి. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందని మీ దోస్తు చెప్పాడన్నావే, అది ఎర్తు లేకే. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టించు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. బల్బు నిండుగా వెలిగితే మంచిదే. మినుకుమంటే ఎర్తు బలహీనం, వెలగకపోతే లేనట్టే. పెరట్లో గొయ్యి తీయించి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేయించుకో. బొగ్గుకు మన జిల్లాలో కరువా! ఎండాకాలం ఆ గోతిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయమని మీ నాన్నకు చెప్పు. ఈ ఖర్చు కంప్యూటర్ ఖాతాలో రాయకు, ఇంటి ఖాతాలో రాయించు. ఫ్రిజ్‌కీ టీవీకీ కూడా అదే కాపు గనక బావ కాదనడు.

యూపీఎస్ కరెంటు పోయాక ఆడుకోవడానికి అనుకునేవు. 600 వీఏ అని రాసిన చిన్నదానిలో దాదాపు 360 వాట్లే ఉంటాయి. ఆట ఆపి, సేవ్ చేసి, సరిగ్గా ఆఫ్ చేయడానికి నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి, అంతే. ఎగుడుదిగుడు వోల్టేజీని సర్దేదీ అదే. తొలకరి పిడుగుల రోజుల్లో యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. ఉరుము వినపడగానే ప్లగ్గు పీకేయ్, ఇంటర్నెట్ తీగ కూడా పీకేయ్. ఆ రెండో తీగను అందరూ మర్చిపోతారు.

ఇప్పుడు అసలు లిస్టు. కార్డును ఈ ఏడాది కొట్టేయ్. 5600జిలో గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. నువ్వు ఆడే వాలరెంట్‌కు అది హాయిగా సరిపోతుంది. జీటీఏ 5 పీసీ మీదికి వచ్చింది 2015లో కాబట్టి సెట్టింగులు తగ్గిస్తే అదీ నడుస్తుంది. మంచి బోర్డు, మంచి ఎస్ఎంపీఎస్ ముందే ఉంటే వచ్చే ఏడు మిర్చి డబ్బు చేతికొచ్చాక కార్డు తెచ్చి గుచ్చుకోవడమే, లోపల ఇంకేదీ మార్చక్కర్లేదు. నీ లిస్టు ప్రకారం కార్డు ముందు కొంటే దాన్ని కాపాడుకోవడానికి మిగతావన్నీ మళ్లీ కొనాలి. బోర్డు బీ550 తీసుకో. పాత బీ450 చవగ్గా వస్తుంది గానీ బయోస్ అప్‌డేట్ చేసి ఉండకపోతే ఈ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు.

ర్యామ్ దగ్గర చెయ్యి కాలుతుంది, తప్పదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు రెట్టింపు దాటిపోయాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతుంటే మనలాంటివాళ్లకు మిగిలేది తక్కువ. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం మానేస్తున్నామని మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి 16 జీబీ ఒకే కర్రగా కాకుండా 8 జీబీవి రెండు ఉండాలి. ఒకటే పెడితే ఆట కుంటుతుంది. కంప్యూటర్ భాగాల్లో ధైర్యంగా పాతది కొనదగ్గది ర్యామే, అరగడానికి అందులో కదిలే భాగమేదీ లేదు. డెస్క్‌టాప్‌దే, డీడీఆర్4దే అయి ఉండాలి. కొన్నాక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి చూడు, ఎర్ర గీత ఒక్కటి వచ్చినా వెనక్కి ఇచ్చేయ్.

పాత కార్డుల విషయంలో అంత ధైర్యం వద్దు. 2021లో క్రిప్టో మైనింగ్ కోసం కార్డులన్నీ కొనేశారు, 2022 సెప్టెంబరులో ఇథీరియంకు మైనింగ్ అవసరం లేకుండా పోయాక అవన్నీ పాత బజారులోకి వచ్చాయి. రాత్రింబవళ్లు కాలినవి. అరగంట ఆట ఆడించి నీ కళ్లముందు చూపించనివాడి దగ్గర కొనకు.

ఒకవేళ బావ 45 కాదు 25 అంటే అలగొద్దు. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ మిషన్లు దొరుకుతాయి. ఐ5 ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ చూడు, అంతకంటే పాతది విండోస్ 11కు పనికిరాదు, విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. వాటిలో ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, మార్చలేం. విడిగా పవర్ తీగ అడగని 75 వాట్ల జీటీఎక్స్ 1650 పొట్టి రకం మాత్రం అందులో ఇముడుతుంది. నన్నడిగితే అదేం చిన్నతనం కాదు.

క్యాబినెట్‌కు ముందు వైపు అద్దం వద్దు, జాలీ ఉండాలి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల కింద గది సంగతి నీకు నేను చెప్పాలా? గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి పోవాలి. కార్డు పెట్టని చోట వెనక రేకు పట్టీలు పీకేసి వదిలేయకు. బల్లి దూరి ఎస్ఎంపీఎస్‌లో పడి మాడిన కేసులు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. ఇక్కడ పాల్వంచలో బూడిద, మీ దగ్గర ఎర్రమట్టి. నెలకోసారి బ్లోయర్ కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, గిర్రున తిరగనివ్వకు.

కొనడం ఎక్కడంటావా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్తే ఐదారు వందలు తగ్గుతుంది, నిజమే. బోర్డు, ఎస్ఎంపీఎస్ మాత్రం ఖమ్మంలో గానీ కొత్తగూడెంలో గానీ తీసుకో. చచ్చిన వస్తువు పట్టుకుని రాత్రి మణుగూరు రైల్లో మళ్లీ సికింద్రాబాద్ పోతే ఆ మిగులు ఛార్జీలకే చాలదు. జీఎస్టీ బిల్లు లేకుండా ఏదీ కొనకు. ఖాళీ డబ్బాలు, థర్మోకోల్ అటక మీద దాచు. వారంటీకి కావాలి, గోదావరికీ కావాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 దాకా వచ్చింది, మీరు సామాన్లు ఎత్తుకుని గుట్ట మీది బడికి పోయింది అప్పుడే. 1986లో ఇంకా ఎక్కువ, 75.6. రెండో హెచ్చరిక వినగానే మిషన్ డబ్బాలో సర్దేయ్. మూడోదాని దాకా ఆగితే రోడ్డు ఉంటుందో లేదో! సర్దేటప్పుడు కార్డు విప్పి విడిగా పెట్టు. అది బోర్డుకు వేలాడుతూ ఆ గుంతల రోడ్డు మీద ప్రయాణం చేస్తే సాకెట్టే ఊడొస్తుంది.

బిగించేది నువ్వే, నేను పక్కన కూర్చుంటా. బోర్డు కింద ఇత్తడి కాళ్లు బిగించకుండా బోర్డు పెట్టకు. ర్యామ్ కర్రలు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో, నాలుగో గాడిలో. ప్రాసెసర్‌కు ఎడమ పైమూలన వేరే పవర్ తీగ ఉంటుంది, మొదటిసారి బిగించేవాళ్లు నూటికి తొంభైమంది దాన్ని మరిచి మిషన్ చచ్చిందని ఏడుస్తారు. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయి, లేకపోతే 3200 ర్యామ్ కొని 2400 వేగంతో నడుపుకుంటావు. వాలరెంట్ కోసం టీపీఎం, సెక్యూర్ బూట్ కూడా అక్కడే ఆన్ చేయాలి.

జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ పైమాట. ఫోన్లో రోజుకు 2 జీబీ లెక్కన దింపుకుంటే నెలన్నర పైనే పడుతుంది. ఆట నీ స్టీమ్ అకౌంట్‌లో కొనుక్కో, ఫైళ్లు నా షాపులో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకుని పో. స్టీమ్ వాటిని సరిచూసుకుని మిగిలిన కాస్తే దింపుకుంటుంది. క్రాక్ చేసిన ఆటల జోలికి పోకు, దాంతోపాటు ఏం లోపలికొస్తుందో నేను రోజూ తుడుస్తుంటాను. ఎపిక్‌లో వారం వారం ఉచితంగా ఆటలిస్తారు, అవి పోగేసుకో. డబ్బు పెట్టి ఆడేవి మాత్రం నా చెవిన పడకూడదు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ 2017 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో పార్లమెంటు అలాంటి ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. మీ అమ్మ భయం అసలు ఆ ఆటల గురించే. వాలరెంట్‌కూ రమ్మీకీ తేడా ఏమిటో ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పు, అరవకు.

మానిటర్ ఇప్పుడే కొనకు. టీవీకి తగిలిస్తానంటే సీరియళ్ల వేళ ఇంట్లో యుద్ధమే. నా దగ్గర పాత 19 అంగుళాలది ఒకటి ఖాళీగా ఉంది, అది తీసుకెళ్లు. దానికి వెనక వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంది, బోర్డు ఎంచేటప్పుడు ఆ సాకెట్ ఉన్నదే చూడు. బల్ల వంటింటి గోడవైపు వేయొద్దు, తాలింపు జిడ్డు ఫ్యాన్లకు పడుతుంది. కిటికీ పక్క గోడ కొలిచి వెడల్పు ఎంతో పంపు. బల్బు వెలిగిందో లేదో కూడా అందులోనే రాయి.

ఇట్లు,
మీ మామయ్య