గాయపడిన కోడిపెట్టకు శుశ్రూష

మన విద్యార్థులలో పెరటికోళ్లు లేని యిండ్లవారు బహు తక్కువ. అయినను కోడికి జబ్బు చేసినప్పుడు గాని, కుక్క కఱచినప్పుడు గాని యేమి చేయవలయునో యెఱిగినవారు అంతకంటెను తక్కువ. "కోడియే గదా!" యని కత్తికొఱకు వెదకువారే యెక్కువ. గడచిన వానకాలమున ఏడవ తరగతి బాలు డొకడు నెత్తురు కారుచున్న యెఱ్ఱపెట్ట నొకదానిని పాత తువాలులో చుట్టుకొని, బడిగంట మ్రోగకముందే నా గుమ్మమున నిలిచెను. వీథికుక్క దానిని వీపుపట్టి యీడ్చెనట. వాని యింట మామ్మయు, వాడును మాత్రమే కలరు. ఆ పెట్ట గ్రుడ్లమ్మిన సొమ్ముతోనే వాని నోటుపుస్తకములు వచ్చుచుండెను. "మాస్టరుగారండీ, ఇది బతుకుతుందాండీ? మా మామ్మ కోసేద్దామంటోందండి" అని వాడు నావంక చూచెను. నేను వానికి వెంటనే మాట యీయలేకపోతిని. ఆ పెట్టవలన మేమిద్దఱమును నేర్చికొన్నదియు, అంతకు చాలయేండ్లముందు నేను చేసిన యొక తప్పువలన నేర్చికొన్నదియు నిచ్చట వ్రాయుచున్నాను.

గాయపడిన కోడిని చూడగనే మందుకొఱకు పరుగెత్తుట మనకలవాటు. దానికి మొదట కావలసినది మందు కాదు. వెచ్చదనము, చీకటి, నిశ్శబ్దము. కుక్కనోట పడిన పక్షి గాయమువలనకంటె బెదురువలననే చచ్చుట కలదు. మన శరీరపు వేడి 98 డిగ్రీల చిల్లరయైతే కోడి శరీరపు వేడి 106 మొదలు 107 డిగ్రీల వఱకు నుండును. తడిసి, నెత్తురు పోయిన కోడి ఆ వేడిని నిలుపుకొనలేదు. కావున అట్టపెట్టెకు గాలికి రంధ్రములు చేసి, అడుగున ఎండుగడ్డి గాని పాతగుడ్డ గాని పఱచి, దాని నందుంచి, ఒక ప్రక్కను గోరువెచ్చని నీటిసీసాను గుడ్డలో చుట్టి పెట్టవలయును. ఒక ప్రక్కనే యని యేల చెప్పితిననగా, వేడి యెక్కువైనచో కోడి రెండవ ప్రక్కకు జరుగుటకు చోటుండవలెను.

ఎత్తుకొనునప్పుడు ఱొమ్మును బిగబట్టరాదు. మనకు ఱొమ్మునకును కడుపునకును నడుమ ఊపిరికి తోడ్పడు కండరపు తెర యున్నది. కోడి కట్టిది లేదు. అది ఱొమ్మెముకను పైకి క్రిందికి కదల్చియే గాలి పీల్చును. ప్రేమతోనే యైనను ఱొమ్మును గట్టిగా హత్తుకొన్నయెడల ఊపిరాడక చచ్చును. రెక్కలను ప్రక్కలకు మెల్లగా చేర్చి, అడుగున అరచేయి పెట్టి పట్టుకొనుడు. ఆ దినమున మా బాలుడు తువాలులో బిగించి తెచ్చిన పెట్ట నోరు తెఱచి రొప్పుచుండెను. తువాలు వదులుచేయగనే కొంత కుదుటపడెను.

నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై నొత్తిపెట్టి ఐదు నిమిషముల వఱకు తీయకుండుట మంచిది. నిమిషమునకొకసారి తీసి చూచుటవలన గడ్డకట్టుచున్న నెత్తురు మరల విడిపోవును. ఈ యైదు నిమిషములు పిల్లలకు చాల దీర్ఘముగా తోచును.

తరువాత గాయమును కడుగవలెను. కోడిగాయము కంటికి కనబడినంత మాత్రమే కాదు. ఈకలక్రింద కుక్కకోఱలు దిగిన సన్నని రంధ్రములు దాగియుండును. ఆ రంధ్రములే చీముపట్టి ప్రాణము తీయును. గాయముచుట్టును ఈకలను కత్తెరతో కత్తిరింపవలెను గాని పెఱుకరాదు. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక చిన్న చెంచాడు ఉప్పు కలిపి, ఆ నీటిని ధారగా పోసి మట్టియు నెత్తుటిగడ్డలును పోవువఱకు కడుగవలెను. పోవిడోన్ అయోడిన్ దొరకినచో నీటితో పలుచనిచేసి పూయవచ్చును. మన యిండ్లలో పసుపు అద్దుట వాడుక. కడిగిన గాయముపై అద్దినచో నేను తప్పుపట్టను. కడుగక అద్దిన పసుపు మురికిని లోపలనే మూసివేయును. కిరసనాయిలు, పొగాకుపొడి, పేడ మాత్రము వలదు. మా పెట్టకు మామ్మ అంతకుముందే పొయ్యిలోని బూడిద నద్దియుండెను. దానిని కడిగి తీయుటకే మాకు అరగంట పట్టెను.

ఈగలను గూర్చి యొక హెచ్చరిక. వానకాలమున తెఱచియున్న గాయముపై ఈగలు గ్రుడ్లుపెట్టును. ఒక్క దినములోనే పురుగులు పడును. కావున దోమతెర ముక్కనైనను పెట్టెమీద కప్పి, ఉదయము సాయంకాలము గాయమును వెలుతురులో చూచుచుండవలెను. గాయపు కోడిని తక్కిన కోళ్లలో వదలరాదు. ఎఱ్ఱనిది కనబడిన చోటనే అవి పొడుచును. ఇంతవఱకు చెప్పినది ఇంటివారు చేయదగిన పని. గాయము కడుపులోనికి దిగినను, చీము వాసన వచ్చినను పశువైద్యుని యొద్దకు పోవలసినదే. ప్రేగులు బయటపడి బాధపడుచున్న కోడిని రోజులతరబడి నిలిపియుంచుట దయ కాదని నా యభిప్రాయము.

ఇక నా తప్పు. శిక్షణ కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో మా యమ్మ పెంచుచున్న పెట్ట యొకటి సొమ్మసిల్లెను. నేను చదువుకొన్నవాడనని ముందుకు వచ్చి, దాని ముక్కు తెఱచి, గరిటెతో నీరు పోసితిని. అది రెండుసార్లు తల విదిలించి నా చేతులలోనే చచ్చెను. "నీళ్లు పట్టలేదు, దాని ఆయుష్షు తీరింది" అని మా యమ్మ నన్నోదార్చెను. చాలకాలమునకు గాని నిజము తెలియలేదు. కోడి నాలుకకు వెనుకనే ఊపిరిగొట్టపు ద్వారము తెఱచియుండును. పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తులలోనికి పోవును. నీరసించిన కోడి ముక్కుకొనను నీటిలో తాకించి అది తానే త్రాగునట్లు చేయవలెను. త్రాగనిచో ముక్కు ప్రక్కను ఒక్కొక్క చుక్క వేసి, మ్రింగినపిదపనే మఱియొకటి వేయవలెను. లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన నీరు మొదటిదినమున మేలు. తెలివి వచ్చినతరువాత మెత్తని అన్నము, చిదిపిన ఉడికిన గ్రుడ్డు కొద్దికొద్దిగా పెట్టవచ్చును. కోడికి పండ్లు లేవు. కందనకాయయే దాని తిరుగలి. కాబట్టి గట్టి గింజలు పెట్టినప్పుడు సన్నని గులకఱాళ్లు కూడ అందుబాటున నుంచవలెను.

మా పెట్టకు ఎడమకాలి ఎముక కూడ మోకాలిక్రింద విఱిగియుండెను. కాలికి పలుచగా దూది చుట్టి, రెండు వెదురుపుల్లలను ఇరుప్రక్కల నిలిపి, గుడ్డపేలికతో కట్టితిమి. మొదటి కట్టు బిగువైనది. సాయంకాలమునకు వ్రేళ్లు వాచి చల్లబడగా విప్పి మరల కట్టవలసివచ్చెను. మూడవదినమున అది మేత ముట్టలేదు. మామ్మ వచ్చి పెట్టెలోనికి తొంగిచూచి, "దీన్నెందుకండీ యీడ్పిస్తారు?" అనెను. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. ఆ సాయంకాలమే బాలుడును నేనును దానిని పశువుల ఆసుపత్రికి గొనిపోతిమి. వైద్యుడు చీముకు సూదిమందు వేసి, తాను చెప్పిన దినములు గడచువఱకు దాని గ్రుడ్డుగాని మాంసముగాని తినరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. మందు శేషము వానిలో నిలుచునుగదా.

గాయము కంటికి కనబడును, రోగమట్లు కాదు. బలహీనమైన పక్షిని శత్రువులు ముందుగా పట్టుకొనునుగాన కోడి తన జబ్బును దాచుకొనును. అది మూలకు చేరి ఈకలు ఉబ్బించి కన్నులు మూసుకొనునప్పటికి జబ్బు ముదిరియుండును. కనుక ప్రతిదినము మేత వేయునప్పుడు తలమీది జుట్టు ఎఱ్ఱగా నున్నదా, రెట్ట ఎట్లున్నది అని చూచుట అలవరచుకొనవలెను. రెట్టలో నెత్తురు కనబడినచో, ముఖ్యముగా పిల్లలలో, అది ప్రేగులలోని సూక్ష్మజీవివలన కలుగు రక్తపారుడు కావచ్చును. తడిసిన గూటిలో నిది త్వరగా ప్రాకును. జుట్టుమీద, కన్నులచుట్టును పొక్కులు లేచినచో అది కోళ్ల మశూచి. దోమలు దీనిని వ్యాపింపజేయును. చర్మముమీద మాత్రమే యున్నచో కొన్ని వారములలో పొక్కులు ఎండి రాలిపోవును.

అన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గఱను, జావాద్వీపమునను, 1927లో మన హిమాలయ ప్రాంతపు రాణీఖేత్‌లోను కనబడినందున దీనికి న్యూకాసిల్ వ్యాధియనియు, రాణీఖేత్ వ్యాధియనియు పేర్లు కలిగెను. పచ్చని రెట్ట, ఎగశ్వాస, మెలితిరిగిన మెడ, చచ్చుబడిన కాళ్లు దీని గుఱుతులు. వచ్చినతరువాత మందు లేదు; రాకమునుపు టీకా యున్నది. పిల్లలకు మొదటివారమున కంటిలోగాని ముక్కులోగాని చుక్కగాను, రెండు నెలలకు సూదిగాను వేయుదురు. కొన్ని రూపాయల టీకా వేయింపక మందనంతయు పోగొట్టుకొనువారిని నేను చాలమందిని చూచితిని.

ఒక్కసారిగా పెక్కు కోళ్లు చచ్చినచో వానిని ముట్టక పశువైద్యశాఖకు తెలుపవలెను. మన దేశమున 2006లో మహారాష్ట్రమందలి నవాపూరున మొదటిసారి బయటపడిన బర్డ్ ఫ్లూ, 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోనికి కూడ వచ్చెను. అది మనుష్యులకును సోకగలదు. జబ్బుకోడిని చచ్చులోపల సంతకు చేర్చి అమ్ముట మన గ్రామములలో నున్నదే. కొన్నవాడు దానితోపాటు రోగమును తన యింటికి గొనిపోవును. చచ్చినదానిని కాలువలో వేయుటయు నిట్టిదే. లోతుగా గొయ్యితీసి సున్నము చల్లి పూడ్చవలెను. కోడిని ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనుడు. ఆరోగ్యముగా కనబడు కోడి రెట్టలోను మనకు విరేచనములు కలిగించు క్రిములుండవచ్చును.

మా యెఱ్ఱపెట్ట ఐదవదినమున అన్నము తినెను. మూడు వారములకు కట్టు విప్పితిమి. ఎముక అతికెను గాని కాలు కొంచెము వంకరగా నిలిచెను. ఇక దానిని మందలో కలుపుట మిగిలెను. ఇది తోచినంత సులభము కాదు. కోళ్లలో ఎవరు ఎవరిని పొడువవచ్చునో యొక క్రమము కలదు. నార్వే దేశీయుడగు షెల్డెరప్ ఎబ్బె దీనిని పరిశీలించి 1922లో ప్రకటించెను. కొన్ని వారములు కనబడని పెట్టకు ఆ క్రమములో తన పాతచోటు పోవును. అందుచే మొదట కోళ్లగంపక్రింద దాని నుంచి, తక్కిన కోళ్లు చుట్టును తిరుగునట్లు చేసితిమి. నాలుగు దినములైన పిమ్మట, సాధువైన యొక నల్లపెట్టను దానికి తోడుగా గంపక్రింద పెట్టి, ఒక రాత్రి చీకటిలో రెండింటిని గూటిలోనికి చేర్చితిమి. తెల్లవాఱినతరువాత పుంజు ఒక్కసారి పొడిచెనట; నల్లపెట్ట అడ్డునిలిచెనని బాలుడు చెప్పుచున్నాడు, ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. దసరా సెలవులపిదప వాడు కాగితపు పొట్లములో ఒక గ్రుడ్డు తెచ్చి నా బల్లమీద పెట్టెను. వైద్యుడు చెప్పిన గడువు తీరినదా యని యడిగితిని. "తీరిందండి, మామ్మ గోడమీద గీతలు గీసి లెక్కపెట్టిందండి" అనెను.