శ్వాసయంత్రం ఆపితే హత్యేనా?

మనిషి ఛాతీకీ, పొట్టకూ మధ్య ఒక కండర పొర ఉంటుంది. గర్భంలో అది పూర్తిగా మూసుకోకపోతే పేగులు పైకి జరిగి ఊపిరితిత్తులను ఎదగనివ్వవు. సుమారు 3,000 కాన్పుల్లో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుంది. ఐదో నెల స్కానింగ్‌లో చాలావరకు తెలిసిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుటుంబాలు ఇలాంటి ఆపరేషన్ కోసం బెంగళూరు బాట పట్టడం మామూలే.

ఆపరేషన్‌తో బతికి బట్టకట్టే పిల్లలు చాలామందే ఉన్నారు. కనుక జబ్బు పేరు వినగానే ఆశ వదులుకోవడం, ఆడపిల్లే కదా అని వెనుకాడటం (అల్లాహ్ కాపాడుగాక!) ఎంతమాత్రం తగదు. అయితే ఊపిరితిత్తులు మరీ చిన్నవిగా ఉండిపోతే, రంధ్రం మూసినా బిడ్డ నిలవకపోవచ్చు. అప్పుడు యంత్రం తీయడం హత్య అవుతుందా?

కాదు. ప్రాణం తీసే మందు ఇవ్వడం హరామ్. ఫలితమివ్వని యంత్రాన్ని ఆపడం వేరు. డాక్టర్లు ఆశ వదులుకున్నాక శ్వాసయంత్రం తొలగించవచ్చని ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ (ఇండియా) ఉలమాలు 2007 సదస్సులో తీర్మానించారు. ఆశ ఉండి, స్తోమత ఉంటే కొనసాగించాల్సిందే. ఒక్క డాక్టరు మాటతో సరిపెట్టుకోకండి, ఇంకొకరిని అడగండి. ఇద్దరూ ఆశ లేదన్నాక, బంధువుల మాట పడలేక మగ్గం అమ్మి యంత్రం అద్దె కట్టడం ఫర్జ్ కాదు.

యంత్రం తీశాక కూడా బిడ్డకు వెచ్చదనం, నొప్పి తగ్గించే మందు, తల్లి ఒడి ఉండాలి. దైవప్రవక్త (స) తన పసికుమారుడు ఇబ్రాహీం తుదిశ్వాస విడిచే వేళ కన్నీరు పెట్టారు. తల్లిని ఏడవొద్దని గద్దించకండి. ప్రాణంతో పుట్టిన బిడ్డ గంటసేపే ఉన్నా పేరు పెట్టాలి, గుస్ల్ చేయించి జనాజా నమాజు చదివి ఖననం చేయాలి.