తృణధాన్యపు పంటల పెరుగుదలపై అధిక ఎరువుల వాడకం ప్రభావం – హొళగుంద ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమపు అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న హొళగుంద మండలం రాయలసీమ అల్ప వర్షపాత ప్రాంతంలోనిది. తుంగభద్ర దిగువ కాలువ నీరందిన చోట వరి, అందని చేలలో జొన్న, కొర్ర, పత్తి సాగవుతాయి. తరి, మెట్ట పక్కపక్కనే ఉన్నందున వరికి అలవాటైన మోతాదు మెట్టచేలకూ పాకే అవకాశం ఉంది. పంట దెబ్బతిన్న ఏడాది ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి తరలవలసి వస్తుంది. కనుక ఎరువుపై వృథా అయ్యే ఖర్చు ఇక్కడ చిన్న విషయం కాదు.

మోతాదు – దిగుబడి సంబంధం

పోషకాన్ని పెంచేకొద్దీ అదనపు దిగుబడి క్రమంగా తగ్గుతుందని జర్మన్ శాస్త్రవేత్త మిచర్లిష్ 1909లో సూత్రీకరించారు. ఒక హద్దు దాటాక మొత్తం దిగుబడి కూడా తగ్గవచ్చు. అత్యధిక లాభాన్నిచ్చే మోతాదు అత్యధిక దిగుబడినిచ్చే మోతాదు కంటే ఎప్పుడూ తక్కువే.

బస్తాల లెక్క – పోషకాల లెక్క

45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని, 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరాకు మూడు బస్తాల యూరియా, రెండు బస్తాల డి.ఎ.పి. వేస్తే 80.1 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం అందుతాయి, పొటాష్ అందదు. ఇందులో డి.ఎ.పి. ద్వారా వచ్చిన 18 కిలోల నత్రజనిని లెక్కించకపోవడమే సాధారణంగా జరిగే పొరపాటు. 2010 నుండి అమలైన పోషకాధారిత సబ్సిడీ పరిధిలోకి యూరియా రాలేదు. అది చౌకగా లభించడం కూడా నత్రజని వైపు మొగ్గుకు ఒక కారణం.

వరిపై ప్రభావం

అధిక నత్రజని వల్ల పైరు ముదురాకుపచ్చగా, ఏపుగా పెరుగుతుంది. అయితే ఆలస్యంగా వచ్చిన పిలకలు వెన్ను వేయవు. ఆకులు ఒకదానిపై ఒకటి నీడ పరచగా కిరణజన్య సంయోగక్రియ మందగించి తాలు గింజలు పెరుగుతాయి. కింది కణుపుల నడుమ భాగం సాగి, కాండం బలహీనపడి పైరు పడిపోతుంది. పడిపోయే స్వభావం గల సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంటి రకాల్లో ఈ నష్టం ఎక్కువ. మెత్తని కణజాలం, గుబురులోని తేమ అగ్గితెగులు, పాముపొడ తెగులు, సుడిదోమలకు అనుకూలిస్తాయి.

మెట్ట పంటలపై ప్రభావం

మెట్టలో సమస్య వేరు. రబీ జొన్న ప్రధానంగా నేలలో నిల్వ ఉన్న తేమతోనే పండుతుంది. నత్రజని మితిమీరితే ఆకు విస్తీర్ణం పెరిగి, ఆ తేమ పూతకు ముందే ఖర్చవుతుంది. గింజ పాలుపోసుకొనే వేళకు పైరు బెట్టకు గురై గింజ నొక్కుకుపోతుంది; బొగ్గు తెగులు కూడా తేలికగా సోకుతుంది. తొలిదశలో కంటికి ఇంపుగా కనిపించిన చేనే చివరకు తక్కువ గింజనిస్తుంది. కొర్రలో కాడ సన్నమైనందున అధిక నత్రజనికి పైరు పడిపోతుంది.

నేలపై ప్రభావం

సున్నం, క్షారగుణం గల నల్లరేగడి నేలలపై యూరియాను వెదజల్లి వదిలేస్తే కొంత నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. భాస్వరం అధికమైతే జింకు లభ్యత తగ్గుతుంది. వరిలో జింకు లోపాన్ని నత్రజని లోపంగా భ్రమించి మరింత యూరియా వేయడంతో లోపం అలాగే మిగిలి, ఖర్చు మాత్రమే పెరుగుతుంది.

విస్తరణ సూచనలు

• భూసార పరీక్ష ఆధారంగానే మోతాదు నిర్ణయించాలి. నల్లరేగడిలో పొటాష్ నిల్వలు సాధారణంగా మెండు కనుక 4:2:1 నిష్పత్తిని యథాతథంగా అన్వయించరాదు.
• డి.ఎ.పి.లోని నత్రజనిని మొత్తం నుండి తీసివేశాకే యూరియాను లెక్కించాలి.
• వరికి నత్రజనిని దమ్ములో, పిలకల దశలో, అంకుర దశలో మూడు దఫాలుగా వేయాలి. ఆకు రంగుల పట్టికను వినియోగించాలి.
• మెట్ట జొన్నకు పైపాటు ఎరువును నేలలో తేమ ఉన్నప్పుడే వేయాలి. తేమ లేకుంటే మానుకోవాలి.
• జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు.

ముగింపు

నేల పోషక స్థాయి, నీటి లభ్యత, పంట దశ అనే మూడింటిని బట్టి ఎరువు అవసరం మారుతుంది. హొళగుంద వంటి చోట ఒకే గ్రామానికి ఒకే సిఫారసు సరిపోదు. కాలువ కింది వరికి ఒకటి, మెట్ట జొన్న, కొర్రలకు మరొకటి విడివిడిగా రైతుకు వివరించడం విస్తరణ సిబ్బంది తొలి కర్తవ్యం. చేను పచ్చదనాన్ని కాక, గింజ బరువును, నికరాదాయాన్ని ప్రమాణంగా చూపినప్పుడే రైతు మోతాదు తగ్గించడానికి సుముఖుడవుతాడు.