అడవి దారిలో గంగాపూరు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణ భగవానుడు ఉద్ధవునకు గుణత్రయమును బోధించుచు నివాసస్థానములను గూడ విభజించి చెప్పినాడు. వనవాసము సాత్త్వికమనియు, గ్రామవాసము రాజసమనియు, జూదపుటిల్లు తామసమనియు, తన ఆలయము మాత్రము నిర్గుణమనియు ఆ స్వామి నిర్ణయము. పల్లెకు పోయినంతనే మనశ్శాంతి లభించునని తలచువారికి ఈ మాట కొంత విస్మయము గలిగింపక మానదు. పల్లెయందును గట్ల తగవులు, అప్పులు, అసూయలు గలవు గదా!

ఈ నాల్గింటిలో మూడింటిని ఒక్క ప్రయాణమున చూడగోరు యాత్రికునకు ఆసిఫాబాదు ప్రాంతము తగినది. పెద్దవాగు ఒడ్డున నున్న ఈ పట్టణము 2016వ సంవత్సరమున ఏర్పడిన కుమురం భీం జిల్లాకు ముఖ్యస్థానము. చుట్టుప్రక్కల టేకు, తునికి, ఇప్ప, వెదురు పెరుగు అడవులు. మాఘమాసము నాటికి టేకు చెట్లు ఆకు రాల్చును. విస్తరంతటి ఎండుటాకులు నేలనిండ పరచుకొనగా, నడచువాని అడుగుల చప్పుడు వానికే పెద్దగా వినవచ్చును. అతడు నిలిచిన క్షణమున అదియు ఆగును. చెవికి ఇంత సులభముగా దొరకిన నిశ్శబ్దము మనస్సునకు దొరకుటకు చాలకాలము పట్టును.

భాగవత పంచమ స్కంధమున బ్రహ్మదేవుడు ప్రియవ్రతునకు చేసిన హితబోధ ఇచ్చట స్మరింపదగినది. ఇంద్రియములను గెలువనివాడు అడవికి పోయినను ఆరుగురు శత్రువులు వాని వెంట పోవుదురనియు, గెలిచినవానికి గృహస్థాశ్రమము చేయు కీడేమియు లేదనియు బ్రహ్మ పలికెను. మనస్సును, ఐదు జ్ఞానేంద్రియములునే ఆ ఆరుగురని పెద్దల వ్యాఖ్యానము. కన్నును, చెవిని, నాలుకను ఇంటివద్ద విడిచి అడవికి పోవుట ఎవరితరము?

అడవి శాంతిని గూర్చి మాటలాడునపుడు అచ్చటివారి కథను మరువరాదు. భూమికొరకు, అడవికొరకు నిజాము ప్రభుత్వముతో పోరి కుమురం భీం 1940వ సంవత్సరమున జోడేఘాట్ వద్ద నేలకొరిగెను. బాటసారికి నీడనిచ్చు చెట్టు గోండులకును కోలాములకును జీవనాధారము. వేసవి ఆరంభమున రాలిన ఇప్పపూవును వేకువనే ఏరుకొను తల్లులకు ఆ వనము పొలమువంటిది. వారి నడుమ అతిథివలె మెలగుటయు యాత్రానియమములలో ఒకటి.

గీత పదుమూడవ అధ్యాయమున ఏకాంతస్థల నివాసము జ్ఞానలక్షణములలో ఒకటిగా చెప్పబడినది. అయితే ఆ శ్లోకపు పూర్వార్ధమున అనన్యభక్తి యున్నది. ఏకాంతము దాని వెనుక వచ్చినది. రెబ్బెన మండలమందలి గంగాపూరు స్థలపురాణమును ఈ క్రమము మనసున నుంచుకొని చదువవలెను. పోతాజీ అను భక్తుడు ఏటేట కాలినడకన తిరుమలకు పోయి స్వామిని సేవించెడివాడట. వార్ధక్యమున కాళ్లు సహకరింపలేదు. నడవలేక దుఃఖించుచున్న ఆ వృద్ధునకు స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తానే గంగాపూరు గుట్టయందు వెలయుదునని సెలవిచ్చెనట.

ఇందు విచారింపదగిన అంశమొకటి గలదు. పోతాజీ చుట్టును అడవి మొదటినుండియు ఉన్నదే. సాత్త్వికమైన ఆ పరిసరము అతని పరితాపమును తీర్పలేదు. తిరుమల దారి మూసికొనినపుడు అతడు వలచినది స్వామి దర్శనమునే. అది లభించిన చోటు, అంతవరకు పదిగుట్టలలో ఒక గుట్ట.

మాఘపూర్ణిమకు గంగాపూరున జాతర సాగును. ఆనాడచ్చట నిశ్శబ్దమునకు చోటు లేదు. బండ్లు, దుకాణములు, పిల్లల ఏడుపులు, గోవింద నామఘోష. ఆ సందడి నడుమనే, తిరుమలకు పోలేని ముసలివారు తమ వంతు వచ్చువరకు కనులు మూసికొని వరుసలో నిలిచియుందురు.