శాతం ఒక్కటే చాలదు

మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనుకు తొలిమెట్టు సదరం శిబిరం. ప్రభుత్వ వైద్యులు పరీక్షించి వైకల్యాన్ని శాతంలో రాస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. లంక గ్రామం నుంచి రేవు దాటి రావలసిన రోగికి ఆ తొలిమెట్టే కష్టం.

పైగా శాతం శరీరాన్ని కొలుస్తుంది, ఇంటిని కాదు. ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరికి ఇంటినిండా మనుషులు. మరొకరికి ముసలి తల్లి ఒక్కతే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ ప్రకారం ఎక్కువ ఆసరా కావలసినవారు ప్రత్యేకంగా కోరవచ్చు, బోర్డు పరిశీలించాలి. ఈ సంగతి ఎందరికి తెలుసు?

ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయతు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఆ పని చూసేవారినీ చేర్చింది. అర్హుణ్ణి వెతకడమూ సేవేనన్నమాట. కాబట్టి రంజాన్ కిట్ అందించేటప్పుడు గుమ్మంలో రెండు ప్రశ్నలు అడుగుదాం: సదరం పత్రం ఉందా? రాత్రివేళ లేపి నీళ్లిచ్చేదెవరు? మొదటిదానికి తోడు వెళదాం. రెండోదానికి వంతులు వేసుకుందాం.